ట్రాన్స్ మ్యాన్ తనకు జరిగింది చెప్పుకుంటే "నీకు మేల్ ప్రివిలేజ్ ఉంది" అంటున్నారు, నోరు మూసుకోవాలా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. వయసు 23, పొదిలి దగ్గర పల్లె, హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నాడు, ట్రాన్స్ మ్యాన్, అంటే ఆడపిల్లగా పుట్టినా తను మగాడినని తెలుసుకుని అలా బతుకుతున్న మనిషి. అభ్యుదయ భావాలున్న ఒక క్వీర్ గ్రూపులో (గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు కలిసే చోటు) చేరాడు. ఇంట్లో నాలుగు నెలలు గదిలో పెట్టి గొళ్ళెం వేశారని, బలవంతంగా నిశ్చితార్థం చేయబోయారని మీటింగులో చెప్పుకుంటే, ఒకరు "నువ్విప్పుడు మగాడివి, నీకు మేల్ ప్రివిలేజ్ ఉంది, ఈ చోటు ఆడవాళ్ళకీ ట్రాన్స్ మహిళలకీ వదిలెయ్" అన్నారట. మేల్ ప్రివిలేజ్ అంటే మగాడైనందుకు అడక్కుండానే దొరికే వెసులుబాటు. మిగతావాళ్ళు తలూపారట. వాళ్ళన్నది కరెక్టేనా, నేను మాట్లాడటం మానెయ్యాలా, గ్రూపులోంచి వచ్చెయ్యాలా అని అడిగాడు.

మానొద్దు తమ్ముడూ, మాట్లాడు. వాళ్ళన్న మాటలో కొంత నిజం ఉంది, అది నేను కాదనను. కానీ ఆ నిజానికీ నీకు జరిగినదానికీ సంబంధం లేదు. ఆ నాలుగు నెలలు ఆ గదిలో నిన్ను మగాడివని ఎవరూ అనుకోలేదు. మగపిల్లాడనుకుంటే గొళ్ళెం పెట్టేవాళ్ళే కాదు. ఆడపిల్ల చెయ్యి దాటిపోతోందని పెట్టారు. ఇవాళ నీకు గడ్డం వచ్చినంత మాత్రాన ఆ నాలుగు నెలలు వెనక్కి వెళ్ళి మారిపోవు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎవరు చెప్తున్నారో అర్థం కాదు. నాకు యాభై ఏళ్ళు. కావలి దగ్గర పల్లెలో పుట్టాను, ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాను. నేనూ ట్రాన్స్ మ్యాన్‌నే. 2011లో, ముప్పై ఆరేళ్ళప్పుడు, చెన్నైలో ఒక డాక్టరు దగ్గర టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) మొదలుపెట్టాను. అంతకుముందు ఏడేళ్ళు నెల్లూరులో ఒక హెచ్‌ఐవీ ప్రాజెక్టులో పనిచేశాను. పద్నాలుగేళ్ళుగా ఈ రెండు జిల్లాల్లో నీలాంటి పిల్లలకి ఫోన్లో, అవసరమైతే వాళ్ళ ఊరికి వెళ్ళి, తోడుగా ఉంటున్నాను.

ముందు వాళ్ళవైపు న్యాయం చెప్తాను. గొంతు మారిన ఏడాది, ఒకరోజు రాత్రి పదకొండున్నరకి ఒంగోలు బస్టాండులో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. చుట్టూ అందరూ మగవాళ్ళే. ఒక్కడు కూడా నావైపు చూడలేదు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ముప్పై ఆరేళ్ళలో ఆ టైముకి, ఆ చోట, భయం లేకుండా కూర్చోవడం అదే మొదలు. ఇంకో సంగతి. ఒక మీటింగులో నా పక్కనున్న ఆవిడ ఒక మాట చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. పది నిమిషాల తర్వాత అదే మాట నేనంటే "కరెక్ట్ అన్నా, అట్టే చేద్దాం" అన్నారు. అది ఆవిడ మాట అని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ప్రివిలేజ్ అనేది వట్టి మాట కాదు, నేను అనుభవించాను, ఒకసారి దాన్ని దుర్వినియోగం కూడా చేశాను.

అయితే దానికో షరతుంది. ఎదుటివాళ్ళకి సంగతి తెలియనంతవరకే అది. కార్డులో పేరు చూశారంటే అయిపోయింది. 2016లో నాకు పొత్తికడుపులో నొప్పి వచ్చి ఒక ఆసుపత్రికి స్కానింగుకి వెళ్ళాను. నా పాత కార్డు మీద పాత పేరే ఉంది. హాలు నిండా జనం. నర్సు ఆ పేరు పిలిచింది, నేను లేచాను. "నిన్ను కాదు, పేషెంటుని రమ్మను" అంది. నేనే పేషెంటునన్నాను. ఆమె కార్డు చూసి, నన్ను చూసి, లోపలున్న ఇంకో ఆమెని పిలిచింది, ఆమె వచ్చి చూసింది, తర్వాత వార్డుబాయ్ వచ్చి చూశాడు. పక్కన కూర్చున్న గర్భిణీ ఒకామె పైట సర్దుకుని జరిగి కూర్చుంది. నేను స్కానింగు చేయించుకోకుండానే బయటికి వచ్చేశాను, తర్వాత ఏడాదిన్నర దాకా మళ్ళీ వెళ్ళలేదు. ఇదేదో నా ఒక్కడి పిరికితనం అనుకోకు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ ఈడ్స్ అనే ట్రాన్స్ మ్యాన్‌కి అండాశయ క్యాన్సర్ వస్తే ఇరవై మందికి పైగా డాక్టర్లు వైద్యం చెయ్యడానికి ఒప్పుకోలేదు. 1999లో చనిపోయాడు. ఆయనకి కూడా గడ్డం ఉంది, గొంతు ఉంది, పైపు కాల్చేవాడు, రోడ్డు మీద చూస్తే అందరికీ పెద్దమనిషే.

అందుకే నేను ఎవరు ఎక్కువ బాధితులు అనే లెక్కలోకి దిగను. ఎక్కడ జరిగింది, ఆ సమయానికి నిన్ను వాళ్ళు ఎవరనుకున్నారు అని అడుగుతాను. బస్టాండులో నన్ను మగాడనుకున్నారు, లాభం నాకే. ఆసుపత్రిలో మగాడు కాదనుకున్నారు, ఆడదీ కాదనుకున్నారు. ఇంట్లో చెప్పిన మాట వినని కూతురనుకున్నారు. మూడు చోట్లా మనిషిని నేనే.

ఇక అసలు సంగతికి వస్తాను. మన గ్రూపుల్లో ఈ మాట ఎందుకు ఇలా నడుస్తుందో నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

మొదటి కారణం మన ఇళ్ళు. మన వైపు మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతానన్న మనిషిని చాలా ఇళ్ళల్లో కొట్టి బయటికి తోస్తారు. ఆడపిల్లగా పుట్టి మగాడినన్న మనిషిని లోపల పెట్టి గొళ్ళెం వేస్తారు. అన్ని ఇళ్ళల్లో ఇంతే అని కాదు, కానీ నా దగ్గరకి వచ్చిన కేసుల్లో ఎక్కువ ఇవే. తోసేసిన మనిషి రోడ్డు మీదికి వస్తుంది. హిజ్రా అక్కల దగ్గర గురువు దొరుకుతుంది, చేలాలు (శిష్యులు), ఇల్లు, ఒక పేరు, ఒక వరస దొరుకుతాయి. ఆ బతుకులో పోలీసు దెబ్బలు, రౌడీల దెబ్బలు ఉన్నాయి, అవి రోడ్డు మీద పడతాయి గనక కనీసం పదిమంది చూస్తారు. గొళ్ళెం వెనక జరిగేది ఎవరు చూస్తారు? అమ్మ చూస్తుంది, ఆ గొళ్ళెం పెట్టింది ఆమే. నీ గ్రూపులో వాళ్ళు చదివిన రిపోర్టులూ చూసిన ఫోటోలూ అన్నీ రోడ్డు మీదివే. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళకి కనబడింది అది.

మా అమ్మ గురించి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం జరిగినప్పుడు, దూబగుంట నుంచి మొదలై ఊరూరా పాకినప్పుడు, మా అమ్మ కూడా చీపురు పట్టుకుని సారా దుకాణం ముందు కూర్చున్న మనిషి. రాత్రిబడికి వెళ్ళి సంతకం నేర్చుకుంది. తర్వాతి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపేస్తే మా వీధిలో బెల్లం పంచిపెట్టింది. ఆ ఆడవాళ్ళ మీద నాకు ఇప్పటికీ చెప్పలేనంత గౌరవం. నేను పదిహేడేళ్ళవాణ్ణి, ఆమె వెనకే తిరిగాను, నినాదాలు ఇచ్చాను. ఆ మొహరం నెలలోనే మా అమ్మ నన్ను నెల్లూరు స్వర్ణాల చెరువుకి రొట్టెల పండక్కి తీసుకెళ్ళింది. బారా షహీద్ దర్గా దగ్గర నీళ్ళలో మోకాళ్ళలోతున నిలబడ్డాం, నాకు లంగా ఓణీ, లంగా అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంటోంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, అక్కడ కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుని తింటారు. మా అమ్మ "పెళ్ళి రొట్టె, పెళ్ళి రొట్టె" అని కేకేస్తూ నీళ్ళలో తిరిగి, ఒకామె దగ్గర తీసుకుని, నా నోట్లో పెట్టింది. నేను నమలలేక, ఉమ్మలేక, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, అమ్మ "భక్తితో ఏడుస్తా ఉంది నా బిడ్డ" అని పక్కావిడకి చెప్పింది. ఆ తర్వాత రెండేళ్ళకి సంబంధం కుదిర్చింది, నేను ఒప్పుకోకపోతే వడ్లు పోసే గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసింది. సారా దుకాణం ముందు కూర్చున్న చేతులే అవి. ఉద్యమం చేసిన మనిషి ఇంట్లో ఇలా చెయ్యదు అనుకోవడం నేను ఆ రోజుతోనే మానేశాను, అలాగే ఇంట్లో ఇలా చేసిన మనిషి ఉద్యమం అబద్ధం అనుకోవడమూ మానేశాను. నీ గ్రూపువాళ్ళ గురించి కూడా అలాగే ఆలోచించు.

రెండో కారణం డబ్బు. ఇది చాలామందికి తట్టదు. మన జిల్లాల్లో ఈ విషయాలు మాట్లాడే సంస్థలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కువభాగం హెచ్‌ఐవీ డబ్బుతో వచ్చాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ వాళ్ళ హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం అవాహన్ మొదలైంది, అందులో మన రాష్ట్రం ఒకటి, హైవే మీద లారీలు ఆగే ప్రతి ఊళ్ళో, అంటే కావలి, సింగరాయకొండ, ఒంగోలు లాంటి చోట్ల పని ఉండేది. అప్పుడది 5వ నంబరు హైవే, ఇప్పుడు 16. ఆ పని వల్ల ప్రాణాలు నిలిచాయి, నేను కళ్ళారా చూశాను. కానీ ఆ పనికి మనుషుల్ని రిస్కు బట్టి లెక్కపెట్టేవారు. నా టేబుల్ మీద ఫారం ఉండేది. సెక్స్ వర్కు చేసే మహిళలకి ఒక గడి, మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళకి ఒక గడి, టీజీ (ట్రాన్స్‌జెండర్) అని ఒక గడి. టీజీ అంటే హిజ్రా అక్కలే. రోజుకి ముప్పై, నలభై మంది వివరాలు నింపేదాన్ని (అప్పటికి అందరూ నన్ను అలాగే పిలిచేవాళ్ళు), నన్ను నింపుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. మనకి ఆ రోగం రిస్కు తక్కువన్నారు, అందుకని మనకి మీటింగు లేదు, మనలోంచే ఒకరిని తీసుకుని మనకి చెప్పే పీర్ ఎడ్యుకేటర్ లేడు, టీ ఖర్చుల పద్దు కూడా లేదు. ఇరవై ఏళ్ళు అలా నడిచాక, ట్రాన్స్‌జెండర్ అంటే ఎవరు అనేది జనం మనసులో ఆ ఫారం ప్రకారమే స్థిరపడిపోయింది. ఆ తప్పు అక్కలది కాదు. వాళ్ళనీ మనుషుల్లా లెక్కపెట్టలేదు, రోగం లెక్కలోనే పెట్టారు. ఈ సంగతి మర్చిపోయి "అన్నీ వాళ్ళకే వస్తున్నాయి" అని మాట్లాడే ట్రాన్స్ కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నేను గట్టిగా గొడవపడతాను.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా తీర్పు మనందరికీ పెద్ద దిక్కు. ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చు, మగ, ఆడ, థర్డ్ జెండర్ అని, అని చెప్పింది. అందులో దేశంలో ఒక్కో చోట ఒక్కో పేరుతో ఉన్న సమూహాలు, హిజ్రాలు, కోతీలు, అరవానీలు, జోగప్పలు, మన ఆంధ్రలో ఉండే శివశక్తుల దాకా చరిత్ర ఉంది. ట్రాన్స్ పురుషుల గురించి అలాంటి వివరం వెతుక్కోవాలి. 2019లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు నిర్వచనంలో ట్రాన్స్ మ్యాన్ అన్న మాట అక్షరాలా రాశారు, అయినా ఒక చిన్న ఊళ్ళో ఆఫీసుకి నేను ఒక ట్రాన్స్ కుర్రాణ్ణి ట్రాన్స్‌జెండర్ పింఛను దరఖాస్తుకి తీసుకెళ్తే, అక్కడున్నాయన వాణ్ణి ఎగాదిగా చూసి "చీర కట్టుకునేవాళ్ళకి కదయ్యా ఇది, ఈ పిల్లని ఎందుకు తీసుకొచ్చావ్" అన్నాడు. ఆయన దురుసు మనిషి కూడా కాదు, కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఆయనకి తెలిసింది అంతే.

మాటలు కూడా లేవు మనకి. తమిళంలో తిరునంబి అంటారు, వినడానికి ఎంత బాగుంటుంది. తెలుగులో మనకి దగ్గరగా ఉన్న పాత మాట "మగరాయుడు". పదేళ్ళదాకా ముద్దుగా అంటారు, "మా పాప మగరాయుడబ్బా, చెట్లెక్కేస్తది" అని. పెద్దమనిషి అయిన రోజు నుంచి అదే మాట తిట్టు.

అభ్యుదయ మహిళా సంఘాల్లో నాకు తగిలిన మాటలు ఇంకో రకం. "పితృస్వామ్యం నిన్ను ఇలా తయారుచేసింది, ఆడదానిగా బతకడం కష్టమని మగవాడివైపోయావు" అని ప్రేమగానే చెప్పినవాళ్ళున్నారు. కష్టం తప్పించుకోవడానికే అయితే ఇంత కష్టం ఎవరు పడతారు? ఇదేదో ఫోన్లు వచ్చాక పుట్టిన ఫ్యాషన్ అన్నవాళ్ళూ ఉన్నారు. మైఖేల్ డిల్లన్ అనే బ్రిటిష్ ట్రాన్స్ మ్యాన్, డాక్టరు, 1939లోనే టెస్టోస్టెరాన్ మొదలుపెట్టి, 1940ల్లో ఆపరేషన్లు చేయించుకున్నాడు. పత్రికలవాళ్ళు బయటపెట్టేసరికి మన దేశం వచ్చి బౌద్ధం తీసుకున్నాడు, 1962లో డల్హౌసీలో చనిపోయాడు. అప్పుడే ఫోన్లు ఎక్కడివి.

ఇంకొందరు "నువ్వు మిగతా మగాళ్ళలాంటి వాడివి కాదులే, మాలో ఒకడివి" అంటారు. వినడానికి తియ్యగానే ఉంటుంది. కానీ చూడు, మంచిగా ఉన్నంతసేపు "మాలో ఒకడివి", అంటే మగాడివి కాదు. గట్టిగా ఒక మాటంటే వెంటనే "చూశావా, మగబుద్ధి". పోస్టర్ల మీద "మహిళలు, ట్రాన్స్ పురుషులు రావచ్చు" అని కలిపి రాయడం కూడా ఇలాంటిదే. అక్కడ మహిళల హాస్టల్లో పడకేస్తారు, పొద్దున్నే మీటింగులో నీకు మేల్ ప్రివిలేజ్ అంటారు. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోమని అడగడం తప్పు కాదు.

మగవాళ్ళని ఇష్టపడే ట్రాన్స్ మెన్ పరిస్థితి ఇంకా కష్టం. "మగాళ్ళే ఇష్టమైతే ఆడపిల్లగానే ఉండి పెళ్ళి చేసుకోవచ్చుగా" అని బాగా చదువుకున్న మనిషి నా ముందే ఒక కుర్రాణ్ణి అడిగాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న, మగవాళ్ళని ఇష్టపడే ట్రాన్స్ మ్యాన్ లూ సలివన్‌ని కూడా క్లినిక్కులవాళ్ళు ఈ కారణంతోనే తిప్పి పంపారు. ఆయన 1986లో ట్రాన్స్ పురుషుల కోసం గ్రూపు పెట్టాడు, 1991లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. రిస్కు లేదన్న ఆ ఫారం గడులు నాకు ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా గుర్తొస్తాయి.

2023 ఫిబ్రవరిలో కేరళ కోజికోడ్‌లో జహాద్ అనే ట్రాన్స్ మ్యాన్ బిడ్డని కన్నప్పుడు నేను చూసిన కామెంట్లు మామూలు జనంవి కావు, మన గ్రూపుల్లోవే. "కంటే మగాడెట్లా అవుతాడు, మన పోరాటాన్ని నవ్వులపాలు చేస్తున్నారు" అని. ఆ దంపతులు బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ, నాన్న అని కాకుండా పేరెంట్స్ అని రాయమని కోర్టుకెళ్తే 2025 జూన్‌లో కేరళ హైకోర్టు సరేనంది. హైకోర్టు ఒప్పుకున్నదాన్ని మన గ్రూపుల్లోనే ఒప్పుకోలేకపోయారు. నాకు నిజంగా బాధేసింది.

చట్టం మాట వచ్చింది గనక ఒక చిక్కు చెప్పాలి. 2005 గృహహింస చట్టంలో బాధితురాలు అంటే మహిళ. ఇంట్లో బంధించిన ట్రాన్స్ కుర్రాడు ఆ చట్టం కింద రక్షణ అడగాలంటే "నేను మహిళని" అని రాసివ్వాలి. కనిగిరి వైపు కుర్రాడొకడు, పందొమ్మిదేళ్ళు, ఆ కాగితం ముందు పెన్ను పట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాడు. సంతకం పెడితే ఇంట్లోంచి బయటపడొచ్చు, కానీ తను ఎవరో చెప్పడానికే కదా ఇంత దెబ్బలు తిన్నది. చివరికి పెట్టలేదు. ఆ రాత్రి వాణ్ణి ఎక్కడ ఉంచాలో నాకు తోచలేదు. నా ఇల్లు వాళ్ళ నాన్నకి తెలుసు. ఒంగోల్లో ఒక హిజ్రా అక్కకి ఫోన్ చేశాను. "తీసుకురా, అన్నం వండతా" అంది. పదకొండు రోజులు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. అబ్బాయి తండ్రి మిస్సింగ్ కంప్లయింట్ ఇస్తే స్టేషనుకి మాతో ఆమే వచ్చింది. మేజర్లు ఇష్టపడి ఇల్లు వదిలితే వాళ్ళ స్టేట్‌మెంట్ తీసుకుని కంప్లయింట్ మూసెయ్యాలని 2021లో మద్రాస్ హైకోర్టు పోలీసులకి చెప్పింది, ఆ తీర్పు ప్రింటు తీసుకుని వెళ్ళాను. మన రాష్ట్రానికి అది కచ్చితంగా వర్తించాలని లేదు, అయినా చూపించాను. కాగితంకన్నా అక్క గొంతే ఎక్కువ పనిచేసింది అక్కడ.

ఆ అక్కే నాకు ఇంకో పాఠం చెప్పింది. 2015 ప్రాంతంలో ఒక మీటింగులో ఆమె పోలీసులు లాఠీలతో కొట్టిన సంగతి చెప్తుంటే నేను మధ్యలో లేచి "మాకూ ఇంట్లో ఇంతే" అని మొదలుపెట్టాను. ఆమె నావైపు తిరిగి "నాయనా, నీ దెబ్బలు నాకు తెలుసు, నావి అయిపోనియ్యి, తర్వాత నువ్వు చెప్పు, నేను వింటా" అంది. నాకు తల తిరిగినట్టయింది, సిగ్గుతో కూర్చున్నాను. మీటింగు అయ్యాక రెండు టీలు తీసుకుని నా పక్కకి వచ్చి "ఇప్పుడు చెప్పు" అంది. రెండు గంటలు విన్నది. వడ్లగది సంగతి నేను మొదటిసారి పూర్తిగా చెప్పింది ఆమెకే.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది అనుకుంటున్నాను.

పక్క మనిషి చెప్తుంటే "మాకూ" అనొద్దు, నీ వంతు మాత్రం వదులుకోవద్దు. వంతు ఇవ్వకపోతే అడుగు. "నేను ఇప్పటి సంగతి చెప్పట్లేదు, నన్ను కూతురిగా చూసినప్పుడు జరిగింది చెప్తున్నాను" అను. ఈ ఒక్క వాక్యంతో నా అనుభవంలో చాలామంది తగ్గారు, ఎందుకంటే ప్రివిలేజ్ వాదన అక్కడ నిలబడదు.

ఇంగ్లీషు కొట్లాటలు దిగుమతి చేసుకోవద్దు. ట్రాన్స్‌మిసోజినీ అనే మాట అమెరికా రచయిత్రి జూలియా సెరానో 2007లో రాసిన పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చింది, ట్రాన్స్ మహిళల మీద ఆడతనాన్నీ ట్రాన్స్‌నీ కలిపి పడే ద్వేషం గురించి, అది చాలా అవసరమైన మాట. దానికి పోటీగా ట్రాన్స్ పురుషుల కోసం ఇంకో మాట కావాలా వద్దా అని ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి తిట్టుకుంటున్నారు. మనకి జరిగేదానికి పేరుండటం మంచిదే, కానీ ఆ పేరు కోసం అక్కలతో యుద్ధం నాకు వద్దు. లెక్కలు కూడా అంతే. అమెరికాలో 2015లో 27,715 మందిని అడిగిన సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు లైంగిక దాడికి గురయ్యామన్నవాళ్ళు ట్రాన్స్ పురుషుల్లో 51 శాతం, ట్రాన్స్ మహిళల్లో 37 శాతం. నీ గ్రూపులో ఎవరైనా "మగాళ్ళకి అలాంటివి జరగవు" అంటే ఈ అంకె చెప్పు. అక్కల నోరు మూయించడానికి మాత్రం వాడొద్దు, 37 అంటే కూడా ప్రతి ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువ.

స్టేజి ఎక్కమంటే వెంటనే ఒప్పుకోవద్దు. మన గ్రూపుల్లో బయటపడి కనబడటమే ధైర్యం అనుకుంటారు. పొదిలి లాంటి ఊళ్ళో నువ్వు మామూలు కుర్రాడిలా కలిసిపోవడమే నీ రక్షణ. ఒక ఫోటో వాట్సాప్‌లో ఊరు చేరడానికి పూట పట్టదు. ఫోటో తియ్యొద్దు, పాత పేరు ఎక్కడా రాయొద్దు అని ముందే చెప్పు. అది పిరికితనం అని ఎవరైనా అంటే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

గ్రూపు వదలాలా అన్నావు. ఇప్పుడే వద్దు. తలూపినవాళ్ళలో ఒక్కరిని ఎంచుకుని విడిగా టీకి పిలిచి చెప్పు, పదిమందిలో ఒప్పుకోని మనిషి ఒంటరిగా వింటాడు. ఇంకో రెండు మీటింగులు చూడు. అప్పటికీ నీ వంతు నీకు రాకపోతే వచ్చెయ్, హైదరాబాద్ పెద్ద ఊరు, వేరే మనుషులు దొరుకుతారు, నేను కలుపుతాను.

నీ ప్రశ్న చివర్లో దాదాపు పట్టించుకోనట్టు ఒక లైను రాశావు, ఛాతీకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పన్నెండు గంటలు ఉంటున్నానని, ఊపిరి సరిగా ఆడట్లేదని. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. అది ఈ రోజే మానెయ్ తమ్ముడూ. క్రేప్ బ్యాండేజీ కదిలేకొద్దీ బిగుస్తుంది, పక్కటెముకలు దెబ్బతింటాయి. నేను ఆ పనే తొమ్మిదేళ్ళు చేశాను, రోహిణి కార్తె ఎండల్లో కూడా, కుడివైపు ఇప్పటికీ దగ్గితే నొప్పి. దీనికోసమే కుట్టిన బైండర్ ఉంటుంది, నీ కొలతకి సరిపోయేది తీసుకో, ఒక సైజు చిన్నది వద్దు, రోజుకి ఎనిమిది గంటలు దాటనివ్వకు, పడుకునేటప్పుడు తీసెయ్. దొరికేదాకా గట్టి స్పోర్ట్స్ బ్రా వేసుకుని పైన వదులు చొక్కా వేసుకో. ఊపిరి ఇబ్బంది రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. ఒంటరిగా వెళ్ళడానికి భయంగా ఉంటే చెప్పు, ఆదివారం రాత్రి బస్సుకి బయలుదేరి వస్తాను.